మా ఇంటి పిడికెడు బియ్యం

చెప్పు జారిపోయిన సంగతి నాకు తెలియలేదు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ నుంచి స్టేషన్ బయటి టీ కొట్టుకు పది నిమిషాల నడక. ఆ రోజు డ్యూటీ లేదు, హవాయి చెప్పులేసుకుని బయల్దేరాను. బల్ల మీద కూర్చోబోతుంటే టీ కాచే ముసలాయన నా కాళ్ల వంక చూసి, "దాదా, ఎక్ పాయే చొటి కేనో?" అన్నాడు. ఒక్క కాలికే చెప్పు ఉందేమిటని. వంగి చూస్తే ఎడమ కాలు బోసిగా ఉంది. మడమంతా బురద. బొటనవేలి పక్కన గాజుపెంకు కోసి రక్తం కారుతోంది. అలా ఎంత దూరం నడిచానో దేవుడికే తెలియాలి.

"తెగిపోతే పారేశాను," అన్నాను బెంగాలీలో. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! టీ తాగి, రెండు బిస్కెట్లు ముంచుకు తిని వెనక్కి వస్తుంటే మా వీధి మలుపులో, కుళాయి పక్కన కనిపించింది నా చెప్పు. పట్టీ తెగలేదు, ఏమీ లేదు. నా ఒళ్లు మండిపోయింది. "నీకేం రోగమొచ్చిందే?" అని దాన్ని పైకే తిట్టాను. కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునే ఆవిడ బిందె వదిలేసి నన్నే చూసింది. రోగం చెప్పుకి కాదని నాకు తెలుసు.

అప్పటికి మూడు నెలలుగా కాళ్లు అలా ఉన్నాయి. ముందు అరికాళ్లలో మంటలు. తర్వాత మంటలు పోయి, దూది మీద నడుస్తున్నట్టు ఉండేది. హమ్మయ్య, తగ్గిపోయింది అనుకున్నాను. తగ్గడం కాదది, కాళ్లు నా చేతిలోంచి పోవడం. నాలుక ఎర్రగా పూసింది. ఓవర్‌బ్రిడ్జి మెట్లు పది ఎక్కితే ఆయాసం. ముప్ఫై ఏళ్లుగా నోటికి వచ్చిన యార్డు లైన్ల నంబర్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేవి. యాభై ఏడేళ్లు వచ్చాయి, ముసలితనం అంటే ఇదే కాబోలనుకున్నాను.

యార్డులో నేను షంటింగ్ మాస్టర్ని. గూడ్స్ బండ్ల వ్యాగన్లను విడదీయించి, కలిపించి, ఏది ఏ లైను మీద ఉండాలో అక్కడ పెట్టించే పని. ఇంజను డ్రైవరుకి జెండా చూపుతూ కంకర మీద బండి పక్కనే నడవాలి. వెనక లైను మీద ఇంకో బండి మెల్లగా వస్తుంటే ఆ అదురు చెవి కంటే ముందు కాలికి తెలుస్తుంది. కాలికి అది తెలియని వాడికి యార్డులో పని లేదు. ఆ సంగతి పై వాళ్లకు చెబితే నన్ను కుర్చీలో కూర్చోబెడతారు, లేకపోతే మూడేళ్లు ముందే ఇంటికి పంపిస్తారు. నా భయమల్లా ఆ ఇంటి గురించే. యార్డులో "దాదా" అని పిలిచేవాళ్లు పదిమంది ఉన్నారు. ఇంట్లో ఫ్యాను తప్ప చప్పుడు చేసేది లేదు. అందుకని నోరు మూసుకున్నాను. నా ఒక్కడి ప్రాణమైతే సరే. బండ్ల మధ్య దూరి కొక్కెం తగిలించే మనిషి ప్రాణం నా జెండాలో ఉంటుంది. అది తెలిసి కూడా చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మా ఆవిడ పోయి అప్పటికి ఏడాదీ నాలుగు నెలలు. ఒక మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తూ కుప్పకూలిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. మాకు పిల్లలు లేరు. ఇద్దరమే అనుకుంటూ ముప్ఫై ఏళ్లు గడిపాం. ఒక్కడు మిగిలితే ఏం చేయాలో మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మొదట్లో నేనే వండాను. నాకు వంట రాదని కాదు. ఆమె కొలత డబ్బాతో ఒక డబ్బా బియ్యం పోశాను. అది ఇద్దరి కొలత. సగం మిగిలింది. మర్నాడు సగం డబ్బా పోస్తే అడుగంటింది. మూడో రోజు అన్నం బాగానే కుదిరింది. పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నాక ఎదురుగా గోడకు ఆనించి ఉన్న రెండో పీట కనిపించింది. అంతే, గిన్నె ఎత్తి సింకులో పడేశాను. "నువ్వెళ్లిపోయి నన్నిక్కడ కూర్చోబెట్టావు కదే" అని అరిచాను. పక్క క్వార్టర్ వాళ్లు తలుపు తట్టారు. గిన్నె జారిందని చెప్పాను. ఆ రోజు నుంచి నేను అన్నం వండలేదు.

మరి ఏం తిన్నానంటే, మరమరాలు. బెంగాల్లో మరమరాలు దొరకని సందు ఉండదు. ఆవనూనె చుక్క, ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ. పొద్దున అదే, రాత్రి అదే. మధ్యలో టీలు, బిస్కెట్లు. రోజుకి పది టీలకి తక్కువ కాదు. కడుపులో మంట పుడితే గ్యాస్ మాత్ర. కడుపు నిండేది. నిండింది కాబట్టి తిన్నట్టే అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

చేపలు చీప్‌గా దొరికే ఊళ్లో ఉండి చేప ముట్టలేదేమని ఎవరైనా అడగొచ్చు. దానికి కారణం చేపల బజారులోని మనిషి. పాతికేళ్లుగా మా ఆవిడ అతని దగ్గరే కొనేది. బేరమాడేది, మొప్పలెత్తి చూసేది, పోట్లాడేది. ఆమె పోయిన నెలకి నేను అటువైపు వెళితే అతను దూరం నుంచే, "దాదా, బౌదీ కోథాయ్?" అని కేకేశాడు. వదినగారు ఎక్కడని. ఊరెళ్లిందని చెప్పి, చేప కొనకుండానే వచ్చేశాను. ఆ అబద్ధం చెప్పాక మళ్లీ ఆ బజారుకి ఎలా పోను? గుడ్లు అమ్మే కొట్టూ ఆ సందులోనే. పాలూ అక్కడే. చిత్రం చూడండి, ఒక్క మాట చెప్పలేక సందు మొత్తం మానేశాను.

ఇక పిడికెడు బియ్యం సంగతి. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మేం క్రైస్తవులం. మా ఇళ్లలో ఆనవాయితీ ఏమిటంటే, బియ్యం కడిగే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి, కళ్లు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసి, విడిగా డబ్బాలో వేస్తుంది. నెల మొదటి ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళుతుంది. అందరి బియ్యం ఒక దుప్పటి మీద కుప్ప పోసి, ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో చూసి, ఆ ఇంటికి పంపిస్తారు. మా ఇంటి డబ్బా పాతకాలం పాలపొడి డబ్బా. మూత మీద మా ఆవిడ మేకుతో గీసిన సిలువ గుర్తు ఉంటుంది.

అన్నం మానేసినా ఆ పిడికెడు మాత్రం నేను మానలేదు. రోజూ స్నానం చేసి, బియ్యం బస్తా మూతి విప్పి, ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేవాణ్ణి. ఆమె చేసే పనుల్లో నా చేతికి మిగిలింది అదొక్కటే. ఇంకొక నిజం కూడా చెప్పేస్తాను. ఆ డబ్బా చాటున నేను దాక్కున్నాను. డబ్బా నిండుగా వస్తే ఆ ఇల్లు సుఖంగా వండుకు తింటోందని మా వాళ్లకు నమ్మకం. "ఆయన బానే వండుకుంతన్నాడు, పర్లేదు" అని ఆడవాళ్లు అనుకోవడం ఒకసారి నా చెవిన పడింది. నన్నెవరూ పలకరించాల్సిన పని లేదని సంతోషించాను. ఇంటికొచ్చాక, ఎవరూ పలకరించలేదని కోపం వచ్చింది.

రెండో వానాకాలం వచ్చేసరికి బస్తాలో ముక్కుపురుగు పడింది. మొదట్లో చాటలో పోసి ఏరేవాణ్ణి. తర్వాత చేతివేళ్లు కూడా మొద్దుబారి పురుగు పట్టుకి దొరికేది కాదు. చెప్పు జారిపోయిన వారంలోనే మొదటి ఆదివారం వచ్చింది. ఏరే ఓపిక లేక డబ్బా అలాగే మూత పెట్టి పట్టుకుపోయాను.

మా తెలుగు చర్చి ఖిదిర్‌పూర్‌లో, పోర్టు పనివాళ్ల ఇళ్ల మధ్య ఉంది. స్త్రీల సమాజానికి పెద్ద ఒకావిడ. డెబ్బైకి దగ్గర పడింది. భర్త డాక్‌లో పని చేస్తూ పోయాడు. అందరికీ ఆవిడ అక్కే. మా ఆవిడకి ప్రాణస్నేహితురాలు. ఆరాధన అయ్యాక దుప్పటి పరిచి ఒక్కొక్క డబ్బా ఒంపుతోంది. నా డబ్బా ఒంపగానే తెల్లటి దుప్పటి మీద నల్లగా పురుగులు నాలుగువైపులా పరుగెత్తాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క నవ్వలేదు. గుప్పెడు బియ్యం ఎత్తి వాసన చూసింది.

"ఏటి తమ్ముడూ, ఈ బియ్యం ఎక్కడివి?"

"కొన్నవే అక్కా. మొన్ననే."

"మొన్ననా? నా చెవిలో పువ్వులెట్టకు. ఇవి ఖరగ్‌పూర్ బియ్యం. నానూ మీ ఆవిడా కలిసెళ్లి చెరో బస్తా తెచ్చుకున్నవి. లోకల్ రైల్లో కూచోడానికి చోటు లేక ఆ బస్తాల మీదే కూచున్నాం. నా బస్తా రెండు నెలల్లో అయిపోనాది. నీదింకా ఉన్నాదేటి?"

అందరూ నన్నే చూస్తున్నారు. జవాబు లేనివాడికి కోపం సిద్ధంగా ఉంటుంది. "పురుగుంటే పారబోయండి. నా బియ్యం అక్కర్లేకపోతే అక్కర్లేదని చెప్పండి," అని ఖాళీ డబ్బా లాక్కుని బయటికి వచ్చేశాను. మూత అక్కడే మర్చిపోయాను. హుగ్లీ వంతెన మీద బస్సులో అందరి చేతుల్లో ఆదివారం మాంసం, చేపల సంచులు. నా ఒళ్లో మూత లేని డబ్బా. వానకి కిటికీలు మూసేశారు. ఇంటికెళ్లి ఎవరితో పోట్లాడాలో తెలియక అలాగే కూర్చున్నాను.

మర్నాడు పదింటికి తలుపు చప్పుడైంది. చూస్తే అక్క. రెండు బస్సులు మారి, తడిసిన గొడుగుతో, చేతిలో నా డబ్బా మూతతో వచ్చింది. తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద వేలుతో రాసి దుమ్ము చూసుకుంది. పసుపు డబ్బా తెరిస్తే గడ్డకట్టి ఉంది. మరమరాల డబ్బా, బిస్కెట్ పొట్లాలు, గ్యాస్ మాత్రలు అన్నీ చూసింది. చివరికి బస్తా దగ్గర కూర్చుంది. అడుగున రెండు మూడు కేజీల బియ్యం మిగిలాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. తిట్టింది.

"దేవుడికి పిడికెడెట్టి నువ్వు పస్తుంటే ఆయన మెచ్చుకుంతాడనుకున్నావేటి? ఆ పిడికెడు వండుకునే దాంట్లోంచి తీసి ఇయ్యాలి. నువ్వు ఇచ్చినదేటి? అబద్ధం ఇచ్చినావు."

"పస్తు లేను అక్కా. తింతన్నాను గదా."

"ఏటి తింతన్నావు, మరమరాలా? కోడిపిల్లవేటి?"

నవ్వు రాబోయింది కానీ, అంతలో ఆవిడ చూపు నా ఎడమ కాలి మీద పడింది. గాజు కోసిన చోట పుండు పడి చీము పట్టింది.

"ఇదెప్పుడు తెగింది?"

"తెలీదక్కా."

"నొప్పెట్టట్లేదా?"

"లేదు."

అప్పటిదాకా తిట్టిన మనిషి ఆ పాదం చేతుల్లోకి తీసుకుని పుండు చుట్టూ నొక్కి చూసింది. నొప్పి లేదు అన్న మాటకి ఆవిడ భయపడింది. ఆవిడ మొహం చూశాక మొదటిసారి నాకూ భయం వేసింది.

ఆ రోజే రైల్వే ఆసుపత్రికి లాక్కుపోయింది. డాక్టరు చిన్న వయసు బెంగాలీ అమ్మాయి. రోజూ ఏం తింటారని అడిగితే, "పప్పు, అన్నం, చేప," అన్నాను. అక్కకు బెంగాలీ వచ్చీ రాదు. అయినా వెనకనుంచి "మిథ్యే కథా!" అని గట్టిగా అంది. అబద్ధమని. డాక్టరు నవ్వకుండా నన్ను కళ్లు మూసుకోమని, సూదితో కాలి మీద గుచ్చుతూ "ఇక్కడ? ఇక్కడ?" అని అడుగుతూ పోయింది. చీలమండ దాటేదాకా నాకేమీ తెలియలేదు.

రక్తపరీక్షలు వచ్చాక ఆమె చెప్పింది. "మీకు షుగర్ లేదు. మీరు ఏడాదికి పైగా పస్తులుంటున్నారు, అంతే. మరమరాలు కడుపు నింపుతాయి, ఒంటిని నిలబెట్టవు. నరాలకు కావాల్సిన బి విటమిన్లు అడుగంటాయి. రక్తం పలచబడింది. మాంసం, గుడ్డు, పప్పు ఏదీ లేక ఒళ్లు తన కండనే తింటోంది. పైగా అన్ని టీలు తాగితే తిన్నదాంట్లో ఉన్న కాస్త ఇనుము కూడా ఒంటబట్టదు."

"కాళ్లు మళ్లీ వస్తాయామ్మా?"

"రావచ్చు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే రావని చెప్పేదాన్ని. ఇంజెక్షన్లు నేనిస్తాను. అన్నం నేను పెట్టలేను కదా, కాకూ." మా ఇళ్లలో బాబాయ్ అన్నట్టే ఆ పిలుపు. యార్డు పనికి పనికిరానని కాగితం రాసిచ్చింది. ఇన్ని నెలలు దాచింది ఒక్క సంతకంతో బయటపడింది. మర్నాటి నుంచి నన్ను యార్డు ఆఫీసులో ఫోను దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష అన్నారు. కిటికీలోంచి నా జెండా ఇంకొకరి చేతిలో కనిపించేది.

ఇంజెక్షన్లు తీసుకున్నాను. అన్నం మాత్రం వండలేదు. హోటల్లో ఒకటి రెండుసార్లు పప్పన్నం తిని, సగం వదిలేసి వచ్చాను. మొండికి మందు లేదు.

తర్వాతి మొదటి ఆదివారం నేను చర్చికి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను? సాయంత్రం అక్కే వచ్చింది, చేతిలో బరువైన గుడ్డసంచితో. గుమ్మంలోనే పెట్టి ఆయాసం తీర్చుకుంది.

"ఈ నెల సమాజం పిడికెడు బియ్యం మీ ఇంటికని రాసినాం."

"నేనేమైనా అడుక్కునేవాణ్ణా అక్కా? రైల్వే జీతం తీసుకుంతన్నాను. మా నాన్న, మా తాత ఆ డబ్బాలో వేసినోళ్లే గానీ తీసుకున్నోళ్లు కాదు."

"నిన్ను బీదోడని ఎవులన్నారు? పొయ్యి వెలగని ఇల్లని రాసినాం. అది నిజమా, అబద్ధమా?"

చెప్పుతో కొట్టినట్టయింది. అక్క మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆ సంచి నాలుగు రోజులు గుమ్మం పక్కనే ఉంది. దాన్ని దాటుకుంటూ డ్యూటీకి వెళ్లాను, దాటుకుంటూ వచ్చాను. అందులో ఎవరెవరి పిడికిళ్లున్నాయో నాకు తెలుసు. నలుగురు పిల్లల్ని పెట్టుకుని నెట్టుకొచ్చే ఇళ్లవాళ్లు కూడా వేసి ఉంటారు. అది పారేస్తే నాకంటే పాపిష్టివాడు ఉండడు. తిరిగి ఇచ్చేస్తే అక్క ముందు మళ్లీ నిలబడాలి. ఐదో రోజు పొద్దున సంచి ఎత్తి వంటింట్లో పెట్టి, చేపల బజారుకి బయల్దేరాను.

నన్ను చూడగానే అతను కత్తిపీట మీద చేప కోయడం ఆపి, "బౌదీ?" అన్నాడు.

"బౌదీ నేయ్," అన్నాను. ఆమె లేదు. ఏడాదిన్నరలో ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. తెలుగులో అయితే అనగలిగేవాణ్ణి కాదేమో.

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఒక్కరికేనా?" అని మాత్రం అడిగాడు. తలూపాను. రోహు చేప రెండు ముక్కలు కోసి, నేను అడక్కుండానే తలకాయ కూడా సంచిలో పడేశాడు. పప్పులో వేసుకోమన్నాడు. ఆమె ఎప్పుడూ పోట్లాడి తీసుకునేది ఆ తలకాయే. దానికి డబ్బు తీసుకోలేదు.

ఇంటికొచ్చి సంచి విప్పాను. ఉప్పుడు బియ్యం లావుగా, పచ్చి బియ్యం సన్నగా, మధ్యలో ఎవరో వేసిన గోవిందభోగ్ బియ్యం కమ్మటి వాసన. కొలత డబ్బాలో సగానికి కాస్త పైగా పోశాను. కడిగే ముందు ఒక పిడికెడు తీసి కళ్లు మూసుకున్నాను. ఏం ప్రార్థించాలో తెలియలేదు. "ప్రభువా, ఇది నిజంగా వండే బియ్యం," అన్నాను. డబ్బాలో వేసి మూత పెట్టాను.

అన్నం ఉడికాక గిన్నె వంచి గంజి వార్చబోయాను. చేతివేళ్లకి ఇంకా పట్టు రాలేదు. మూత జారింది. గంజి చుక్కలు నా ఎడమ పాదం మీద పడ్డాయి.

చురుక్కుమంది.

"అబ్బా!" అని ఎగిరాను. గిన్నె గట్టు మీద పెట్టేసి కాలు పట్టుకున్నాను. మళ్లీ చూసుకున్నాను. ఎర్రగా కందింది, మంటపెడుతోంది. నా కాలు! "ఒసేయ్, చురుక్కుమందే! కాలికి తెలిసిందే!" అని ముందుగదిలోకి కేకేశాను. ఫ్యాను తిరుగుతోంది. గట్టు పట్టుకుని నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.

కాళ్లు పూర్తిగా రాలేదు. ఎడమ కాలి చిటికెన వేలు ఇప్పటికీ నాది కాదు. యార్డులోకి మళ్లీ పంపలేదు, ఆ ఫోను దగ్గరే ఉన్నాను. కానీ ఆ పూట అవేవీ నాకు తెలియవు. మొహం కడుక్కుని అక్కకి ఫోన్ చేశాను.

"ఏటి తమ్ముడూ?"

"గంజి పడి కాలు కాలింది అక్కా."

ఆవిడ మెల్లగా అడిగింది.

"నొప్పెడతందా?"

"పెడతంది అక్కా. బాగా పెడతంది."

"దేవుడికి స్తోత్రం," అంది. "మరైతే తిను. సల్లారిపోతది."

ఫోన్ పెట్టేసి, పీట వాల్చుకుని కూర్చున్నాను. సన్నబియ్యం మెత్తబడిపోయింది, ఉప్పుడు బియ్యం ఇంకా పలుకుగానే ఉంది. అంతా తిన్నాను.